మొదటి ఐటీ సపోర్ట్ ఉద్యోగం కోసం ఎనిమిది నెలలుగా తిరుగుతున్నా, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి

కొత్తబ్యాచ్

అందరికీ నమస్తే. డిగ్రీ అయిపోయి ఎనిమిది నెలలు దాటింది, ఇంకా మొదటి ఉద్యోగం దొరకలేదు. వెతుకుతున్నది ఐటీ సపోర్ట్‌లో. సర్వీస్ డెస్క్, హెల్ప్ డెస్క్, డెస్క్‌టాప్ సపోర్ట్, ఎల్1 (యూజర్ సమస్యని మొదట చూసే స్థాయి) అని ఏ పేరుతో కనిపించినా అప్లై చేస్తున్నా. కోడింగ్ ఎందుకు చేయవు అని అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, అది రెండేళ్ళు మనసు పెట్టి ప్రయత్నించాను, నాకు కుదరలేదు. కానీ ఎవరిదైనా కంప్యూటర్ మొరాయిస్తే కూర్చుని దాని సంగతేంటో తేల్చడం, ఫోన్లో ఒక్కొక్కటీ చెప్పి అవతలివాళ్ళ చేతనే సరిచేయించడం, ఈ పని నాకు నిజంగా ఇష్టం. చుట్టాల్లో ఎవరి ప్రింటర్ ఆగినా నాకే ఫోన్ వస్తుంది.

ఇప్పటిదాకా దాదాపు 140 చోట్ల అప్లై చేశాను. పిలుపు వచ్చింది నాలుగు చోట్ల నుంచే. అందులో రెండు ఫోన్లోనే అయిపోయాయి, అనుభవం ఎంత అని అడిగారు, లేదనగానే పెట్టేశారు. మిగతా రెండు ఇంటర్వ్యూ దాకా వెళ్ళాయి. మొదటిదాంట్లో డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో చేరిన కంప్యూటర్‌కి ఐపీ అడ్రస్ అనే నంబర్ ఇచ్చే పద్ధతి) అంటే ఏంటన్నారు, పూర్తి పేరుతో సహా చెప్పాను. వెంటనే "169.254తో మొదలయ్యే ఐపీ అడ్రస్ కనిపిస్తే నీకేం అర్థమవుతుంది" అన్నారు. నోట మాట రాలేదు. రెండో చోట "నేనే యూజర్‌ని అనుకో, ఇంటర్నెట్ రావట్లేదని ఫోన్ చేశాను, మొదలుపెట్టు" అన్నారు. రూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాను. "ఇది ఆఫీసు, రూటర్ ఆపితే మిగతా రెండు వందల మంది పని ఏం కావాలి" అన్నారు. ఆ తర్వాత నేను ఏం చెప్పినా వాళ్ళు విన్నట్టు అనిపించలేదు.

నా ప్రశ్నలు ఇవి. అనుభవం లేకుండా ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేకుండా అనుభవం రాదు, దీంట్లోంచి బయటపడ్డ వాళ్ళు ఎలా పడ్డారు? సర్టిఫికెట్ ఏదైనా చేస్తే నిజంగా తేడా ఉంటుందా? చాట్‌బాట్లు వచ్చేశాక ఎల్1 పని అసలు మిగులుతుందా? ఇంకొకటి, ఒక కన్సల్టెన్సీ వాళ్ళు రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు లెటర్లు ఇస్తామంటున్నారు. తప్పని తెలుసు, కానీ ఇంట్లో రోజూ అదే మాట, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, అందుకే అడుగుతున్నా.

స్పూలర్

తమ్ముడూ, ఆరేళ్ళు సర్వీస్ డెస్క్‌లో చేశాను, రెండేళ్ళుగా మా టీమ్‌లోకి కొత్తవాళ్ళని తీసుకునే ఇంటర్వ్యూల్లో నేనూ కూర్చుంటున్నా. నీ పోస్టు చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, నువ్వు చదువుతున్నావు, కానీ చదివినదాన్ని ఒక సమస్య మీద పెట్టి చూడట్లేదు. ఆ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటే ప్రశ్న. అందుకే దీని గురించే కాస్త వివరంగా రాస్తాను.

"ఇంటర్నెట్ రావట్లేదు" అని యూజర్ అంటే, అది అతనికి కనిపించిన లక్షణం మాత్రమే. కడుపు నొప్పి అన్నవాడికి డాక్టర్ ముందు మందు రాయడు కదా, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం తిన్నావు అని అడుగుతాడు. నువ్వూ అంతే. ఏం ఓపెన్ చేస్తుంటే రావట్లేదు, ఒక్క సైటేనా, అన్నీనా? మెయిల్ వస్తోందా? పక్క సీటు వాళ్ళకి వస్తోందా? పొద్దున బాగానే ఉందా? నిన్నటి నుంచి ఏమైనా మార్చారా, సీటు మారారా, కొత్తగా ఏదైనా ఇన్‌స్టాల్ చేశారా? ఈ నాలుగైదు ప్రశ్నలు అడిగేసరికి సగం దారి తేలిపోతుంది. పక్కవాళ్ళకీ రాకపోతే ఈ కంప్యూటర్‌ని పట్టుకుని కూర్చోవడం దండగ, వెంటనే నెట్‌వర్క్ టీమ్‌కి చెప్పాలి. ఒక్క సైటే రాకపోతే అది ఇంటర్నెట్ సమస్యే కాకపోవచ్చు.

ఇతనొక్కడికే, ఏదీ రావట్లేదు అనుకుందాం. ముందు కంటికి కనిపించేవి చూడు. కేబుల్ సరిగ్గా దిగిందా, వైఫై ఆన్‌లోనే ఉందా, పొరపాటున ఏరోప్లేన్ మోడ్ నొక్కారా. చిన్నవే, కానీ రోజూ వచ్చేవి ఇవే. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి ఐపీకాన్ఫిగ్ కొట్టించు, ఆ కంప్యూటర్‌కి ఏ ఐపీ అడ్రస్ ఉందో అది చూపిస్తుంది. ఇక్కడే నీ 169.254 వస్తుంది. కంప్యూటర్ నాకు ఒక అడ్రస్ ఇవ్వమని నెట్‌వర్క్‌లో అడుగుతుంది, డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాకపోతే విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి పెట్టుకుంటుంది. అంటే ఆ అంకె కనిపించిందంటే "అడిగాను, నాకెవరూ అడ్రస్ ఇవ్వలేదు" అని కంప్యూటర్ చెప్తున్నట్టు. అప్పుడు రిలీజ్, రెన్యూ (ఉన్న అడ్రస్ వదిలేసి మళ్ళీ అడగడం) చేయించి చూస్తావు, కేబుల్ మార్పించి చూస్తావు, అప్పటికీ అంతే ఉంటే ఆ గోడ పాయింట్ మీదో, స్విచ్ మీదో, డీహెచ్‌సీపీ మీదో అనుమానం.

అడ్రస్ సరిగ్గానే ఉంటే ముందు గేట్‌వేని (ఆఫీసు నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్ళే ద్వారాన్ని) పింగ్ చేయించు, అంటే చిన్న సందేశం పంపి పలుకుతోందో లేదో చూడడం. అది పలికితే బయటికి, 8.8.8.8కి (గూగుల్ వాళ్ళ సర్వర్) పింగ్ చేయించు. అదీ పలికి, పేరు కొడితే మాత్రం సైట్ తెరుచుకోకపోతే అనుమానం డీఎన్ఎస్ (సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది) మీదికి వెళ్తుంది, ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో తేల్చుకో. ఒక్క విషయం గుర్తుంచుకో, చాలా ఆఫీసుల్లో పింగ్‌ని ఫైర్‌వాల్ ఆపేస్తుంది, కాబట్టి జవాబు రాలేదని లైన్ చచ్చిపోయిందని తేల్చేయకూడదు. ఈ మాట ఇంటర్వ్యూలో అంటే ఎదుటివాళ్ళు కచ్చితంగా తలెత్తి చూస్తారు. ప్రాక్సీ, వీపీఎన్ సంగతులు ఆ తర్వాత.

మేం చూసేది సరైన జవాబు ఒక్కటే కాదు. ఈ మనిషి ఒక వరసలో ఆలోచిస్తున్నాడా, ప్రతి మెట్టు దగ్గరా "ఇది ఎందుకు చూస్తున్నానంటే" అని నోటితో చెప్తున్నాడా, తనకి తెలియని చోట ఆగుతున్నాడా అని చూస్తాం. "ఇంతవరకు చూశాను, ఇక్కడి నుంచి నా చేతిలో లేదు, చేసినవన్నీ టికెట్‌లో (ఆ సమస్య రికార్డులో) రాసి ఎల్2కి (పై స్థాయి టీమ్‌కి) పంపుతాను" అన్న కుర్రాణ్ణి మేం తీసుకున్నాం, వాడికి డీఎన్ఎస్ గురించి సరిగ్గా తెలియదు కూడా. తెలియకపోయినా ఏదో ఒకటి అల్లి చెప్పినవాణ్ణి తీసుకోలేదు. ఎందుకంటే అల్లి చెప్పేవాడు రేపు యూజర్‌కీ అలాగే చెప్తాడు.

టికెట్ రాయడం కూడా ఇప్పుడే మొదలుపెట్టు. "నెట్ రావట్లేదు, చెక్ చేశాను, అవ్వలేదు" అని రాస్తే తర్వాతివాడు మళ్ళీ మొదటి నుంచి యూజర్‌ని విసిగిస్తాడు. "ఉదయం 9:40 నుంచి ఈ ఒక్క కంప్యూటర్‌లోనే, వైర్ కనెక్షన్, ఐపీ 169.254గా చూపిస్తోంది, రెన్యూ చేస్తే టైమౌట్, కేబుల్ మార్చాను, అదే కేబుల్‌తో పక్క పాయింట్‌లో పనిచేసింది, కాబట్టి ఈ పాయింట్ చూడాలి" అని రాస్తే ఎల్2 వాడు నేరుగా అక్కడికే వెళ్తాడు. నీ చుట్టాల ప్రింటర్లు బాగుచేస్తున్నావు కదా, ప్రతిదానికీ ఇలా ఒక టికెట్ రాసుకో. ఒక నోట్‌బుక్‌లో రాసినా పర్వాలేదు. ఇరవై అయ్యాక అవే నీ అనుభవం.

మూడోరింగ్

నేను మొదటి ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలైంది. అంతకుముందు నాలుగేళ్ళు ఒక షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో చేశాను, కంప్యూటర్ డిగ్రీ కూడా లేదు. కాబట్టి ఇటీవల ఈ దారిలో నడిచినదానిగా చెప్తాను, మీరు చేస్తున్న తప్పు ఒకటి నాకు కనిపిస్తోంది. మీ పోస్టులో అతి ముఖ్యమైన వాక్యం మీరు ఏదో మాటవరసకి రాసేశారు. ఫోన్లో చెప్పి అవతలివాళ్ళ చేత సరిచేయించడం ఇష్టం అన్నారు. అది మీ రెజ్యూమెలో ఉందా? ఉండదు, నేను పందెం కాస్తాను. నా మొదటి రెజ్యూమెలో కూడా లేదు. హార్డ్‌వర్కింగ్, క్విక్ లర్నర్, టీమ్ ప్లేయర్ అని ఉంది, కింద సబ్జెక్టుల పేర్లు.

నేను దాన్ని చించేసి మళ్ళీ రాశాను. "రోజుకు వంద మందికి పైగా కస్టమర్లతో మాట్లాడాను, బిల్లింగ్ మెషిన్ ఆగితే వెండర్‌కి ఫోన్ చేసి ఎర్రర్ చదివి చెప్పి, వాళ్ళు చెప్పినట్టు చేసి నడిపించాను, కొత్తగా చేరిన ముగ్గురికి ఆ సాఫ్ట్‌వేర్ నేర్పాను" అని. ఒక్క అబద్ధం లేదు. అప్పటిదాకా కిమ్మనని వాళ్ళు మూడు వారాల్లో రెండు చోట్ల నుంచి పిలిచారు. సపోర్ట్ అంటే సగం మనుషులతో పని. కోపంగా ఉన్న మనిషితో మాట్లాడగలనని నిరూపించుకోవడానికి నా కౌంటరే సరిపోయింది.

ఇంకో సంగతి, ప్రకటనలో ఒకటి రెండేళ్ళ అనుభవం అని ఉన్నా వదిలేయకండి. అది వాళ్ళ కోరిక, చాలాసార్లు ఆ జీతానికి అలాంటివాళ్ళు దొరకరు. నేను చేరిన చోట కూడా ఏడాది అనుభవం కావాలనే ఉంది. కానీ ప్రకటన పడ్డ మొదటి రోజో రెండో రోజో పెట్టండి, వారం దాటినవాటి మీద నేను టైమ్ పెట్టడం మానేశాను. పెద్ద కంపెనీల వెంటే పడకండి. స్కూళ్ళు, ఆస్పత్రులు, గోడౌన్లు, చిన్న చిన్న ఆఫీసులకి ఐటీ చూసిపెట్టే సంస్థలు, వీటికీ కంప్యూటర్లు చూసే మనిషి కావాలి. అలాంటి చోట్ల ఒక్కరే అన్నీ చూడాలి కాబట్టి కష్టం ఎక్కువ, నేర్చుకునేదీ ఎక్కువే. ఉద్యోగం పేరు కూడా ఒకేలా ఉండదు, ఐటీ అసిస్టెంట్, సిస్టమ్ సపోర్ట్, టెక్నీషియన్, ఫీల్డ్ సపోర్ట్ అని కూడా వెతకండి. కాంట్రాక్ట్ అని ఉంటే వెనక్కి తగ్గకండి, మొదటి ఆరు నెలలు ఎక్కడ దొరికినా దొరికినట్టే.

ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌కి మా చెల్లిని యూజర్‌గా కూర్చోబెట్టాను. దానికి కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు, అదే నాకు మేలైంది. "టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేయండి" అంటే "టాస్క్‌బార్ అంటే ఏంటి" అనేది. అప్పుడుగానీ నాకు తెలియలేదు, ఎదురుగా స్క్రీన్ లేకుండా చెప్పడం ఎంత కష్టమో. రోజుకు ఇరవై నిమిషాలు అలా చేశాం. కావాలనే విసుక్కునేది, కోప్పడేది కూడా. కోపంగా ఉన్నవాళ్ళతో "శాంతించండి" అని మాత్రం అనకండి, మంట ఇంకా పెరుగుతుంది. "పన్నెండింటికి రిపోర్ట్ పంపాలన్నారు కదా, ముందు అది వెళ్ళేలా చూద్దాం, తర్వాత దీని సంగతి చూస్తాను" అంటే చాలు, గొంతు అదే తగ్గుతుంది.

నన్ను అడిగిన ఒక ప్రశ్న మీకూ రావచ్చు. "డైరెక్టర్‌ని మాట్లాడుతున్నా, మీటింగ్‌లో ఉన్నా, వెంటనే పాస్‌వర్డ్ రీసెట్ చెయ్" అని ఫోన్ వస్తే ఏం చేస్తావు? ఎంత పెద్దవాళ్ళైనా, ఎంత తొందర పెట్టినా, ముందు ఆ మనిషి ఎవరో నిర్ధారించుకోవాలి, అందుకు కంపెనీ పెట్టిన పద్ధతి ఏదైతే అది పాటించాలి, రికార్డులో ఉన్న నంబర్‌కి తిరిగి చేయడమో, మేనేజర్ ద్వారా అడగడమో. హెల్ప్ డెస్క్‌కి ఫోన్ చేసి ఉద్యోగిలా మాట్లాడి లోపలికి దూరడం దొంగలకి బాగా అలవాటైన దారి. తొందర పెట్టడమే వాళ్ళ ఆయుధం.

పాతకీబోర్డ్

సర్టిఫికెట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. కాంప్‌టియా ఏ ప్లస్ అనేదే ఈ లైన్‌లో అందరూ గుర్తుపట్టే పేరు. అందులో రెండు పరీక్షలు ఉంటాయి, రెండూ పాసవ్వాలి. ఇప్పుడు నడుస్తున్నవి 220-1201, 220-1202, ఇవి 2025లో వచ్చాయి. పాత 1101, 1102 పుస్తకాలు ఇంకా దొరుకుతూనే ఉంటాయి, చూసి కొనుక్కో. ఒక్కో పరీక్షకి గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు, 900 స్కేల్ మీద మొదటిదానికి 675, రెండోదానికి 700 రావాలి. మూడేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి. మొదటిది హార్డ్‌వేర్, నెట్‌వర్క్, మొబైల్ వైపు, రెండోది విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు, సెక్యూరిటీ, సాఫ్ట్‌వేర్ సమస్యల వైపు.

ఫీజు తక్కువేం కాదు, రెండు పరీక్షలకీ విడివిడిగా కట్టాలి. అందుకే నా మాట, నువ్వు అప్లై చేసే ప్రకటనలు ఒక ముప్పై తీసి చూడు, వాటిలో ఎన్నింట్లో ఏ ప్లస్ అడిగారో లెక్కపెట్టు. చాలావాటిలో ఉంటే రాయి. ఒకటి రెండింట్లోనే ఉంటే సిలబస్ మాత్రం డౌన్‌లోడ్ చేసుకుని, అది కాంప్‌టియా ఉచితంగానే ఇస్తుంది, దాని ప్రకారం చదువు, పరీక్ష తర్వాత చూద్దువు. అసలు ఏమీ రానివాళ్ళకి కోర్సెరాలో గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ ఉంది, 2018లో మొదలైంది, మొదలుపెట్టడానికి మంచిదే, కానీ దాని పేరు చూసి ఉద్యోగం ఇచ్చేస్తారని అనుకోకు.

నా దృష్టిలో సర్టిఫికెట్ కంటే ముందు చేయాల్సింది ఇంట్లో ల్యాబ్. వర్చువల్‌బాక్స్, అంటే ఒకే కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఉచితం. మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ సర్వర్‌ని 180 రోజుల ట్రయల్‌గా ఇస్తారు, విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్‌ని 90 రోజులకి. సర్వర్‌లో యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసులో యూజర్లని, కంప్యూటర్లని ఒకే చోట నుంచి చూసుకునేది) పెట్టు, ఒక డొమైన్ (అలా కలిపి చూసే గుంపు) తయారుచెయ్, పది మంది యూజర్లని సృష్టించు, రెండు డిపార్ట్‌మెంట్లుగా విడగొట్టు, ఒక డిపార్ట్‌మెంట్‌కి మాత్రమే కనిపించే ఫోల్డర్ షేర్ చెయ్. తర్వాత కావాలనే పాడుచెయ్. లాకౌట్ పాలసీ పెట్టి, తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొట్టి అకౌంట్ లాక్ చేసి అన్‌లాక్ చెయ్, ఒకడిని గ్రూప్‌లోంచి తీసేసి ఫోల్డర్ ఎప్పుడు మాయమవుతుందో చూడు, లాగౌట్ అయ్యి మళ్ళీ లాగిన్ అయ్యేదాకా పాత హక్కులే ఎందుకు ఉన్నాయో కనుక్కో. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. 8 మాత్రమే ఉంటే విండోస్ 11 జోలికి పోకు, దానికే 4 కావాలి. రెండో మెషిన్‌గా కూడా విండోస్ సర్వర్‌నే 2 జీబీతో పెట్టి డొమైన్‌లో చేర్చు, నేర్చుకోవడానికి అది సరిపోతుంది.

రాత్రిషిఫ్ట్

చాట్‌బాట్ల ప్రశ్నకి నా జవాబు. పాస్‌వర్డ్ రీసెట్ లాంటివి చాట్‌బాట్లు రాకముందే యూజర్లు తామే చేసుకునేలా చాలా చోట్ల మారిపోయాయి. ఆ పని తగ్గుతుంది, అది నిజం, దాన్ని దాచి లాభం లేదు. కానీ 2024 జులై 19ని గుర్తుచేసుకో. క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారమే, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి. మెషిన్ పూర్తిగా బూటే అవ్వనప్పుడు దూరం నుంచి దానిలోకి వెళ్ళలేం. చాలా చోట్ల మనుషులే ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి సేఫ్ మోడ్‌లో ఆ అప్‌డేట్ ఫైల్ తీసేయాల్సి వచ్చింది, బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న వాటికి ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాల్సి వచ్చింది. ఆ కీలు ఎక్కడ దాచారో తెలిసిన సపోర్ట్ వాళ్ళే ఆ రోజు ఆఫీసుల్ని నిలబెట్టారు.

అందుకే ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూడు. స్క్రిప్ట్ చదివి, టికెట్ పక్కకి పంపేసి, కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించావో మాత్రమే లెక్కేసే డెస్క్‌లో రెండేళ్ళున్నా చేతికి ఏమీ రాదు. నేను మొదట అలాంటిదాంట్లోనే ఇరుక్కున్నాను, బయటపడడానికి చాలా కాలం పట్టింది. ఇంటర్వ్యూ చివర్లో ఏమైనా అడుగుతావా అంటారు కదా, అప్పుడు "ఎల్1 వాళ్ళకి ఏ ఏ టూల్స్‌లో యాక్సెస్ ఉంటుంది, టికెట్లలో ఎన్ని వాళ్ళే ముగిస్తారు" అని అడుగు. జవాబు చెప్పడానికి తడుముకుంటే నీకు విషయం అర్థమవుతుంది. అయినా మొదటి ఉద్యోగమైతే చేరిపో, కానీ తొమ్మిదో నెల నుంచే బయట చూడడం మొదలుపెట్టు.

నైట్ షిఫ్ట్ వస్తే ఒప్పుకో, కొత్తవాళ్ళకి తలుపు త్వరగా తెరుచుకునేది అక్కడే. కాల్స్ తక్కువగా ఉన్న గంటల్లో పాత టికెట్లు చదువు, ఎల్2 వాళ్ళు ఎలా ముగించారో చూడు. నాకు పని నేర్పింది ఆ పాత టికెట్లే. ఒంటికి మాత్రం మంచిది కాదు, ఏడాదికి మించి ఉండకు.

కొత్తబ్యాచ్

అన్నలకీ అక్కకీ చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, రెండుసార్లు చదివాను. మూడు వారాలు ఏం చెప్పకుండా ఉండిపోయాను, చేసి చూశాకే రాద్దామని.

ల్యాబ్ పెట్టాను. నాది 8 జీబీయే, అందుకని రెండో సర్వర్‌తోనే చేశాను. ఒక రోజంతా అది డొమైన్‌లో చేరనే లేదు, డొమైన్ దొరకట్లేదు అంటుంది. పింగ్ చేస్తే డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీ ఉన్న మొదటి సర్వర్) పలుకుతోంది. కేబుల్ లేదు, ఫైర్‌వాల్ కాదు. అప్పుడు స్పూలర్ అన్న రాసిన వరస పెట్టి మొదటి నుంచి చూస్తే, రెండో మెషిన్‌లో డీఎన్ఎస్‌గా ఇంటి రూటర్ అడ్రస్ ఉంది. రూటర్‌కి నా డొమైన్ సంగతి ఏం తెలుస్తుంది! డీఎన్ఎస్‌ని డొమైన్ కంట్రోలర్ అడ్రస్‌కి మార్చగానే ఒక్క నిమిషంలో చేరిపోయింది. నాలుగేళ్ళ చదువులో డీఎన్ఎస్ ఆ రోజు అర్థమైనంతగా ఎప్పుడూ అర్థం కాలేదు. దాన్ని టికెట్‌లా రాసి పెట్టుకున్నాను. ఇప్పటికి పదకొండు టికెట్లు అయ్యాయి.

రెజ్యూమె కూడా మార్చాను. అక్క చెప్పింది నిజమే, ఆ వాక్యం లేదు. మూడు వారాల్లో ముప్పై చోట్ల పెడితే మూడు కాల్స్ వచ్చాయి.

ఆ కన్సల్టెన్సీ వాళ్ళు మాత్రం వదలట్లేదు. వీడియో ఇంటర్వ్యూలో పక్కన మనిషి ఉండి జవాబులు అందిస్తాడట. ఇంకో చోట వాళ్ళయితే ఉద్యోగం ఖాయం, ముందు ల్యాప్‌టాప్ కోసం డిపాజిట్ కట్టాలి అన్నారు.

స్పూలర్

ఆ డీఎన్ఎస్ కథని ఇంటర్వ్యూలో ఉన్నదున్నట్టు చెప్పు. "నువ్వు పరిష్కరించిన కష్టమైన సమస్య ఏది" అని తప్పకుండా అడుగుతారు. ఒక రోజంతా పట్టింది అన్న సంగతి కూడా దాచకు.

డిపాజిట్ అడిగినవాళ్ళని ఇప్పుడే బ్లాక్ చెయ్. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు నీకు డబ్బు ఇవ్వాలి, నీ దగ్గర తీసుకోకూడదు, అది ట్రైనింగ్ అన్నా, ల్యాప్‌టాప్ అన్నా, వెరిఫికేషన్ ఫీజు అన్నా. ఆధార పత్రాల కాపీలు, బ్యాంక్ వివరాలు ఏమైనా పంపావా? పంపి ఉంటే చెప్పు, ఏం చేయాలో చూద్దాం.

ఇక దొంగ అనుభవం. నిన్ను తిట్టడానికి రాయట్లేదు, ఎనిమిది నెలలు ఖాళీగా ఉంటే మనసు ఎటు లాగుతుందో నాకు తెలుసు. కానీ ఈ ఉద్యోగం ఏంటో ఒకసారి ఆలోచించు. చేరిన మొదటి వారంలోనే నీకు అడ్మిన్ హక్కులు ఇస్తారు. ఎవరి పాస్‌వర్డ్ అయినా మార్చగలవు, ఎవరి మెషిన్‌లోకైనా వెళ్ళగలవు, జీతాల ఫోల్డర్ ఉన్న సర్వర్ కూడా నీ ముందే ఉంటుంది. ఆ నమ్మకం మీదే నిన్ను తీసుకుంటారు. మా టీమ్‌లో ఒకతను బాగానే పనిచేసేవాడు, ఐదో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీ లెటర్ అబద్ధమని తేలింది. ఆ మధ్యాహ్నమే యాక్సెస్ అంతా తీసేసి పంపించేశారు. తీసేసే టికెట్ నాకే వచ్చింది, చాలా బాధేసింది. అతనికి పని వచ్చు. లెటర్ లేకుండానే మేం తీసుకునేవాళ్ళం.

కొత్తబ్యాచ్

ఏమీ పంపలేదు అన్నా, ఇద్దరినీ బ్లాక్ చేసేశాను. ఆ టికెట్ మీకే రావడం చదివి చాలాసేపు ఆలోచించాను.

గురువారం ఒక ఇంటర్వ్యూ ఉంది. ఒక స్కూల్లో ఐటీ అసిస్టెంట్, కంప్యూటర్లు అరవై దాకా ఉన్నాయట, ప్రింటర్ల గొడవ ఎక్కువని ఫోన్లోనే చెప్పారు. ఉన్న రెండు రోజుల్లో ప్రింటర్ల గురించి ఏం చూసుకుని వెళ్ళాలి?

స్పూలర్

ప్రింటర్‌కి కూడా అదే వరస. ఒక్కరికే రావట్లేదా, అందరికీనా? అందరికీ అయితే ప్రింటర్ దగ్గరికి నడిచి వెళ్ళు, పేపర్, జామ్, స్క్రీన్ మీద ఎర్రర్, నెట్‌వర్క్ కేబుల్. ఒక్కరికే అయితే ఆ కంప్యూటర్‌లో డిఫాల్ట్ ప్రింటర్ ఏదో చూడు, సగం సార్లు ప్రింట్లు ఇంకో గదిలో పడుతుంటాయి. క్యూలో ఒక ఫైల్ ఇరుక్కుని వెనకవన్నీ ఆగిపోతే, సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (ప్రింట్ల క్యూ నడిపే సర్వీస్) ఆపి, సిస్టమ్32లో స్పూల్ కింద ఉండే ప్రింటర్స్ ఫోల్డర్‌లోని ఫైళ్ళు తీసేసి, మళ్ళీ స్టార్ట్ చెయ్. ఇది ఇంట్లో రేపు ఒకసారి చేసి చూసుకో.

ఇంకొకటి, నిన్నటిదాకా పనిచేసి ఈ రోజు అందరికీ ఆఫ్‌లైన్ అని చూపిస్తే, ప్రింటర్‌కి డీహెచ్‌సీపీ కొత్త అడ్రస్ ఇచ్చిందేమో చూడు. కంప్యూటర్లన్నీ పాత అడ్రస్‌కే పంపుతుంటాయి. ప్రింటర్‌కి డీహెచ్‌సీపీలో అడ్రస్ రిజర్వ్ చేస్తే మళ్ళీ రాదు. గొడవ ఎక్కువన్నారంటే అక్కడ ఇదే ఉండే అవకాశం ఉంది. "మీ ప్రింటర్ల అడ్రస్‌లు రిజర్వ్ చేసి ఉన్నాయా" అని నువ్వే అడుగు.

మూడోరింగ్

స్కూల్ కాబట్టి ఒక మాట కలుపుతున్నా. క్లాస్ మధ్యలో ప్రొజెక్టర్ ఆగితే నలభై మంది పిల్లల ముందు టీచర్ నిలబడి ఉంటారు. అప్పుడు కారణం వెతకడం కాదు, ముందు క్లాస్ నడవాలి, స్పేర్ కేబుల్, స్పేర్ ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి ఇవ్వడం, పాడైనదాన్ని పీరియడ్ అయ్యాక చూడడం. అడిగితే ఇది చెప్పండి. గురువారం వెళ్ళొచ్చాక వాళ్ళు ఏం అడిగారో ఇక్కడ రాయండి, మీ తర్వాత వెతికేవాళ్ళకి కావాలి.